గీస్ బెండ్ బొంతలు

చినిగిన బట్టలతో కుట్టిన బొంత చలికి కప్పుకొనుటకే గాని కంటికింపుగా చూచుటకు గాదని మనలో పలువురు తలంతురు. ఈ తలంపు ఎంత పొరపాటో అమెరికాలోని అలబామా రాష్ట్రమున గీస్ బెండ్ అను పల్లెయందలి నల్లజాతి స్త్రీలు నిరూపించిరి.

ఆ పల్లెను మూడువైపుల నది చుట్టియున్నది. పెట్‌వే అను భూస్వామి ప్రత్తిచేలలో బానిసలైనవారి సంతతియే యచ్చట నివసించుచున్నది. యజమాని యింటిపేరే పలువురకు ఇంటిపేరై నిలిచినది. వారి కొయ్యయిండ్ల సందులనుండి చలిగాలి వీచెడిది. కావున స్త్రీలు అరిగిన పనిబట్టలను, సంచిగుడ్డలను విడువక బొంతలుగా కుట్టిరి.

1942లో మిస్సోరీ పెట్‌వే అను నామె, భర్త మరణించిన పిమ్మట, ఆయన పనిబట్టలను విప్పి ఒక బొంత కుట్టెను. ఆయనను స్మరించుటకును, ఆ ప్రేమను కప్పుకొని పరుండుటకును దానిని కుట్టితినని తల్లి పలికినట్లు కుమార్తె ఆర్లాంజియా చెప్పినది. అందు పువ్వులు లేవు, లతలు లేవు. వెలిసిన ముక్కలును నిడుపాటి పట్టీలును మాత్రమే కలవు. శ్రమ వెలయించిన ఆ రంగు ఏ అద్దకమువలనను రాదు. ఒక మనుష్యుని జీవితమే అందు నేయబడినది.

2002లో హ్యూస్టన్ నగరమునను, పిదప న్యూయార్కునను ఈ బొంతలు ప్రదర్శింపబడగా, విమర్శకులు వానిని మాతీస్, క్లే అను చిత్రకారుల కృతులతో పోల్చిరి. ఈ పొగడ్త నిండైనది కాదు. ఆ స్త్రీలు ఆ చిత్రకారులను అనుసరింపలేదు. తల్లులయొద్దను అత్తలయొద్దను నేర్చిరి. లేమివలన ఈ యందము దానంతట వచ్చినదనుటయు సరికాదు. ఆ ప్రాంతపు స్త్రీలు 1966లో స్థాపించుకొన్న కుట్టుపని సహకార సంఘమునకు, 1972లో సియర్స్ అను వర్తకసంస్థ కార్డురాయ్ గుడ్డతో దిండ్లగలీబులు కుట్టు పని నప్పగించెను. మిగిలిన ముక్కలు ఇండ్లకు చేరెను. దళసరి గుడ్డ యగుటచే సన్నని ముక్కలకు లొంగదు. అందుచే వెడల్పు ముక్కలతోనే కూర్పు సాగెను. ఐనను ఒకే కుప్పలోని ముక్కలతో ఒక్కొక్కతె ఒక్కొక్క తీరున కుట్టెను. దారిద్ర్యమే కళను పుట్టించెనేని అన్నియు నొక్కరీతిగా నుండవలెను గదా! ఏ రంగు ప్రక్కన ఏ రంగుండవలెనో, ఏ గీత ఎచట వంగవలెనో నిర్ణయించినది కుట్టిన చేయి, ఆ చేతివెనుకనున్న బుద్ధి.

దారిద్ర్యమును మెచ్చుట వేరు, దారిద్ర్యమునందును చెడని బుద్ధిని మెచ్చుట వేరు. ఈ పల్లెవారు ఓటుహక్కు కోరుచున్న కాలమున, 1962లో, నదిపై నడుచు పడవ నిలిపివేయబడెను. 2006 వరకు అది మరల నడువలేదు. అట్టి యూరి లేమిని సుందరమని వర్ణించుట అన్యాయమునకు ముసుగు వేయుటయే. ఆ 2006లోనే ఈ బొంతల బొమ్మలతో తపాలాబిళ్ళలు వెలువడెను. మరుసటి యేట తమకు రావలసిన ప్రతిఫలము రాలేదని కుట్టినవారిలో కొందరు న్యాయస్థానమునకు పోవలసివచ్చెను. 2008లో ఆ వ్యాజ్యములు రాజీతో ముగిసెను. గోడపై వ్రేలాడదీసి కీర్తించినంత మాత్రమున గౌరవము పూర్తికాదు. కుట్టినామె పేరును, ఆమె పనికి వెలయు చెల్లినప్పుడే అది పూర్తియగును.

మన యవ్వలు ప్రాతచీరలతో కుట్టిన బొంతలపై ఎవరి పేరును లేదు. వానిని పారవేయుటకు ముందు ఒకమారు వెలుతురున పరచి చూడుడు. కుట్టినదెవరో ఇంటి పెద్దల నడిగి, ఆ పేరు పిల్లలకు చెప్పుడు.