గౌళిపలుకు మాన్పిన వైనము

చలికాలపు వేకువను నా ట్రక్కును మేలుకొల్పినపుడెల్ల, గోడమీద గౌళి పలికినట్లు టిక్కుటిక్కుమను సవ్వడి యొకటి ఇంజనుదాపున వినవచ్చి, అయిదారు నిమిషములలో, ఇనుము వేడెక్కగనే, తనంత తానే అణగిపోవుచుండెడిది. గౌళి పలికిన దిక్కునుబట్టి శుభాశుభములు నిర్ణయించు మా నాయనమ్మ బ్రదికియున్నచో దీనికిని ఒక ఫలము చెప్పియే యుండును; డాలసు నగరపు శివారైన ఈ ప్లేనోలో ఆ లోటు తీర్చినవాడు పొరుగింటి పెద్దమనిషి. ఆయన చేతిదీపము వేసి చూచి, ఎడమవైపు సిలిండర్ల పొగను కూడగట్టు మానిఫోల్డునకు అన్నిటికంటె వెనుకనున్న బోల్టు తల తెగి రాలిపోయినదని తేల్చెను. ఆ సందులోనుండి పొగ వెడలునపుడు పుట్టు సవ్వడియే నా గౌళి. లోహము వ్యాకోచించి సందు మూసికొన్నంతనే అది మౌనము వహించుచున్నది.

నా బండి 2004 నాటి షెవర్లే సిల్వరాడో ఎస్‌ఎస్. ఆరు లీటర్ల వి-8 ఇంజను, 345 అశ్వశక్తి, నాలుగు చక్రములకును చోదనము. ఆ ఇంజను హెడ్లు అల్యూమినియము, వానికి బిగించిన మానిఫోల్డు పోతయినుము. వేడికి అల్యూమినియము సాగునంతలో ఇనుము ఇంచుమించు సగమే సాగును. కావున ప్రతి ప్రయాణమునను కాగుచు చల్లారుచు ఆ రెండు లోహములును ఒకదానినొకటి ఈడ్చుకొనుచుండ, నడుమనున్న బోల్టులకంటె కొసలనున్న బోల్టులకే ఆ పెనుగులాట అధికమై, ఏదో యొకనాడు కొస బోల్టు తెగును. ఈ ఇంజనుల వంశమునకు ఇది ఎల్లరెరిగిన వ్యాధి.

ఎటులైనను విప్పక తప్పనప్పుడు పాతదానినే మరల తగిలించుటెందులకని, హెడర్లు వేయింప సంకల్పించితిని. అచ్చటనే మా యబ్బాయికిని నాకును వాదము మొదలైనది.

పొడుగు గొట్టముల హెడర్లే వేయింపవలెనను వాని పక్షము బలహీనమైనదేమియు గాదు. ఎనిమిది సిలిండర్లు 1, 8, 7, 2, 6, 5, 4, 3 అను వరుసలో మండును. బేసి సంఖ్యలన్నియు ఎడమవైపున నుండుటచేత, మూడవది పొగ విడిచిన వెంటనే, అదే వైపుననున్న మొదటిదియు విడుచును. ఒక్క ఇరుకు దొన్నెవంటి మానిఫోల్డులో ఆ రెండు ఊర్పులును ఒకదాని త్రోవకొకటి అడ్డు వచ్చును. హెడరులోనైతే ఒక్కొక్క సిలిండరునకు ఒక్కొక్క గొట్టము. నాలుగును కొంత దూరము తమ తమ దారిని పోయి ఒక కూడలిలో కలియును. ముందు పోయిన ఊర్పు తన వెనుక విడిచిన అల్పపీడనము తరువాతి సిలిండరులో మిగిలిన పొగను లాగికొనును. గొట్టములు తగినంత పొడుగైననే ఈ లాగుడు ఫలించును. వ్యాసము మితిమీరినచో పొగ వేగము తగ్గి, తక్కువ వేగములో బండి మందగించును. ఇంతటి ఇంజనునకు 1¾ అంగుళములు చాలునని అనుభవజ్ఞులందురు.

"పొట్టివి వేయించుటకంటె ఊరకుండుటయే మేలు కదా, నాన్నా!" అనెను వాడు.

నిజమే. అయినను పొడుగు గొట్టములు వేసినచో కారఖానా వారమర్చిన కాటలిటిక్ కన్వర్టర్లను స్థానభ్రంశము చేయవలెను. అది ఈ దేశపు వాయుశుద్ధి చట్టమునకు విరుద్ధము. టెక్సాసులో 2025 జనవరి నుండి సొంత బండ్లకు భద్రతాపరీక్ష తొలగినను, మా కౌంటీలో ఉద్గారపరీక్ష తప్పలేదు. అంతేకాక ఆ గొట్టములు స్టీరింగు కడ్డీనొరసికొని, ముందుచక్రముల షాఫ్టు ప్రక్కగా దిగి, నేలకు మరింత చేరువగును. కాలిఫోర్నియా వాయువనరుల మండలి అనుమతిసంఖ్య గల పొట్టి హెడర్లనే, స్టెయిన్‌లెస్ ఉక్కువి, ఫ్లాంజి దళసరిగా నున్నవి, తెప్పించితిని. నేనుండునది కాలిఫోర్నియా కాకున్నను ఆ సంఖ్యయందు నాకు గురి. కాటలాగులలోని తళతళ మాత్రము పది ప్రయాణములైన పిదప బంగారువన్నె తిరిగి, ఆపై నీలమై, ఎవరికిని కనబడని చోట దాగియుండును.

బిగించుట గొప్ప గాదు, విప్పుటయే తపస్సు. మూడు సాయంకాలములు వరుసగా బోల్టు మొదళ్లకు త్రుప్పు వదలించు నూనె పట్టించితిని. నాలుగవనాడు పానా వేయగా తక్కినవన్నియు కరుణించినవి. తెగిన బోల్టు మాత్రము రంధ్రములోనుండి పెసరగింజయంత పైకి తొంగిచూచుచుండెను. పొరుగాయన దానిపై ఒక నట్టునుంచి, నట్టు కన్నములోనుండి వెల్డింగు పెట్టెను. ఉక్కు వెల్డింగు అల్యూమినియమునకు అంటదు గనుక హెడ్డునకు భయము లేదు. మొదటి నట్టు ఊడివచ్చినది, రెండవదియు ఊడివచ్చినది. మూడవదానికి ఎరుపు చల్లారువరకు ఓపికపట్టి, ఆయన పానాను బిగించు వైపునకు వెంట్రుకవాసి త్రిప్పి, పిదప విప్పు వైపునకు త్రిప్పగా, కిర్రుమని మూలిగి ఆ ముక్క కదలినది. ఆ మూలుగు విన్నప్పుడు కలిగిన ఆనందము, దాచుకొననేల, నాకు అశ్వశక్తిని గూర్చిన ఏ అంకెయు ఈయలేదు.

తరువాతి పని చేతులకే తెలియును. అల్యూమినియము ముఖమును తుడిచి, ఉక్కుపొరల గాస్కెట్టు నిలిపి, వైపునకారు బోల్టులను నడుమనుండి కొసలకు, మొదట 11, పిదప 18 పౌండు-అడుగుల బిగువున బిగించితిమి. ప్లగ్గు తీగలకు వేడి తగులకుండ తొడుగులు వేసితిమి. వ్రేలిముద్రలు వేడికి శాశ్వతముగా అచ్చుపడునని విని, గొట్టములను స్పిరిటుతో తుడిచినను, తొలిసారి ఇంజను వెలిగించినపుడు ఎచ్చటనో మిగిలిన నూనె కాలి గరాజంతయు పొగ క్రమ్మినది.

బండి వడి పెరిగినదా యని అడుగువారికి నా యుత్తరము: పెరిగినను నా పాదమునకు తెలిసినది గాదు. బలముకొరకు పొట్టి హెడర్లు కొనువాడు డబ్బు దండుగ చేసికొనును. తెగిన బోల్టును, వంగిన మానిఫోల్డును వదలించుకొనువానికి అవి చాలును. మా యబ్బాయి శబ్దమైనను మారలేదని ఇప్పటికిని సణుగుచున్నాడు.

వారము దినములు త్రిప్పిన పిదప మరల పానా పట్టి చూడగా, పండ్రెండింటిలో రెండు బోల్టులు పావుచుట్టు లోనికి పోయినవి. మీరును తప్పక అట్లు చూడుడు. ఇంజను పూర్తిగా చల్లారిన తరువాతనే సుమా.