చిరునామా చేతిది, ఉత్తరం గుండెది

ఆ తెల్లవారుజామున నాన్న ఎడంచెయ్యి లాగేస్తోందన్నాడు. ముందురోజు బస్తాలు ఎత్తిన నొప్పి అనుకుని అమ్మ ఉప్పు మూట వేడిచేసి, భుజం నుంచి మణికట్టు దాకా కాపడం పెట్టింది. నొప్పి తగ్గలేదు. ఆ నొప్పి చేతిది కాదు, గుండెది.

నాన్న దక్కాడు. అప్పటినుంచి, మెదడా, నీకు దండం పెట్టుకోవాలనిపిస్తుంది.

ఒంటి వెలుపలంతా నీకు అంగుళం అంగుళం ఎరుకే. 1937లో మాంట్రియల్ వైద్యులు వైల్డర్ పెన్‌ఫీల్డ్, ఎడ్విన్ బోల్డ్రీ ఆ సంగతి లోకానికి చెప్పారు. మెలకువగా ఉన్న రోగుల మెదడు మీద సన్నటి విద్యుత్తు తాకించి, ఎక్కడేమనిపించిందని వాళ్ళనే అడిగారు. ఒకచోట తాకిస్తే బొటనవేలు జివ్వుమంది, ఇంకోచోట నాలుక. ఒళ్ళంతటి నొప్పులూ వినే నీకు నీదంటూ నొప్పి లేదు. అందుకే ఆ రోగులు నిన్ను తెరిచిపెట్టుకుని కూడా మాట్లాడగలిగారు. నీ పటంలో విశాలమైన వీపుకి దక్కింది కాస్త చోటే. ముద్దుపెట్టే పెదవికి, ముద్ద కలిపే వేళ్ళకి పెద్దపీట వేశావు.

ఆ ముద్ద ఆవకాయదైతే నోరు మండిందంటాం. 1997లో శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం కనిపెట్టిందిదే: మిరపకారానికి తెరుచుకునే నాడి తలుపే, దాదాపు 43 డిగ్రీలు దాటిన వేడికీ తెరుచుకుంటుంది. మా అమ్మమ్మ ‘మంట’ అన్నది పోలిక కానే కాదు. నీకు అందిన కబురు అక్షరాలా అదే.

లోపలి సీమ వేరు. అక్కడ పేగు కోసినా నీకు తెలియదు, ఉబ్బితే విలవిల్లాడతావు. గుండె, ఊపిరి, జీర్ణకోశం కలిసి వాడుకునే వేగస్ నాడిలో నూటికి దాదాపు 80 పోగులు నీకు కబుర్లు మోసేవే; నీ ఆజ్ఞలు కిందికి తెచ్చేవి మిగిలిన కొద్దే. ఇంత వింటావా నువ్వు! చెవి పైన, మడతల చాటున దాక్కున్న ఇన్సులాలో ఆకలి, దాహం, ఆయాసం, గుండె దడ ఒకచోట చేరతాయి. భయానికి గుండె ఝల్లుమందనీ, జాలికి కడుపు తరుక్కుపోయిందనీ మన భాష ఊరికే అనలేదు.

గుండె నుంచి బయల్దేరిన నొప్పి కబురూ, ఎడంచేతి లోపలి అంచు నుంచి వచ్చేదీ వెన్నుపాములో ఒకే వాకిట దిగుతాయి. అక్కణ్ణించి పైకి నడిచే దారి ఒకటే. పుట్టింది మొదలు ఆ దారిన నువ్వు విన్నవన్నీ చేతి కబుర్లే: గీసుకున్న ముల్లు, కుట్టిన చీమ, అమ్మ పట్టు. ఆ దారిన ఏనాడూ పలకని గుండె ఒక్కసారి కేకవేస్తే, పాపం, చెయ్యే పిలిచిందనుకున్నావు.

ఊపిరి ఆడించే ఉదరవితానం కథ ఇంకా ముచ్చటైనది. గర్భంలో అది మెడ దగ్గర మొదలై, తన నాడిని వెంట లాక్కుంటూ కిందికి దిగుతుంది. అందుకే దాని కింద చీము గానీ నెత్తురు గానీ చేరితే నొప్పి భుజం కొసన తేలుతుంది. అత్తింట కష్టం వచ్చిన ఆడపిల్ల ఉత్తరం పుట్టింటి గుమ్మంలో పడినట్టు.

చిరునామా తప్పితే తప్పింది, ఉత్తరాన్ని చించెయ్యలేదు నువ్వు. నిద్రలో ఉన్న మనిషిని కుదిపి లేపి చేతిలో పెట్టావు. చదవడం మాకే ఆలస్యమైంది.

ఇప్పుడు నాన్న ఊరికే భుజం తడుముకున్నా, అమ్మ పొయ్యి దగ్గర్నుంచే అడుగుతుంది, “చెయ్యేనాండీ?” అని. నాన్న వెంటనే జవాబివ్వడు. కళ్ళు మూసుకుంటాడు. లోపలికి చెవొగ్గి కాసేపు వింటాడు.

“చెయ్యేలే,” అంటాడు.