బెనినా చెప్పిన అబద్ధం

వాస్తవిక నవల అంటే ఉన్నది ఉన్నట్టు రాసేది అని మాకు క్లాసులో చెప్పారు. కానీ ఈ సెలవుల్లో నేను చదివిన స్పానిష్ వాస్తవిక నవల ఒక అబద్ధం మీద నడుస్తుంది. పైగా చివరికి ఆ అబద్ధం నిజమైపోతుంది! ఇదేం వాస్తవికత అని మొదట నాకు కోపం వచ్చింది.

నవల పేరు ‘మిసెరికోర్దియా’, అంటే కరుణ. 1897లో వచ్చింది. రాసినవారు బెనితో పెరెస్ గాల్దోస్ (1843–1920). నేను చదివింది ఇంగ్లీషు అనువాదం. కథ జరిగేది స్పెయిన్ రాజధాని మాద్రిద్‌లో.

దోన్యా పాకా ఒకప్పుడు బాగా బతికిన వితంతువు. లెక్కాపత్రం లేకుండా ఖర్చుపెట్టి చితికిపోయింది. పనిమనిషి బెనినాకు అరవై ఏళ్లుంటాయి. జీతం సంగతి అలా ఉంచి, అమ్మగారికి తిండి పెట్టడానికి తనే సాన్ సెబాస్తియాన్ చర్చి గుమ్మం దగ్గర బిచ్చమెత్తుతుంది. ఆ సంగతి తెలిస్తే అమ్మగారు తట్టుకోలేదు. అందుకే దోన్ రొమువాల్దో అనే ఫాదర్ ఇంట్లో వంట చేస్తున్నానని కల్పించి చెబుతుంది. తీరా ఒకరోజు అదే పేరుగల ఫాదర్ నిజంగానే వస్తాడు, దోన్యా పాకాకు వారసత్వంగా ఆస్తి వచ్చిందన్న కబురుతో! సరిగ్గా అప్పటికే బెనినాను బిచ్చమెత్తుతోందని పట్టుకుపోయారు.

ఈ నవల కోసం గాల్దోస్ మున్సిపాలిటీ ఆరోగ్యశాఖ డాక్టరు వేషంలో పేదల పేటలు తిరిగి చూశారట. అంత శ్రమపడిన మనిషి కథను ఇలా అదృష్టం మీద వదిలేస్తారా? రెండోసారి చదివాక నాకు జవాబు దొరికింది. డబ్బు వచ్చాక ఏం జరిగిందో చూడండి. కోడలు హులియానా పెత్తనం చేతిలోకి తీసుకుంది. తిరిగొచ్చిన బెనినాకు ఆ ఇంట్లో చోటు లేదంది. దోన్యా పాకా కోడలి మాటకు తలొగ్గింది. అదృష్టం డబ్బు తెచ్చిందే గానీ మనుషుల్ని మార్చలేకపోయింది. ఈ నవలలో వాస్తవికత అంటే అదే అని నా అభిప్రాయం.

బెనినాను కూడా రచయిత దేవతను చేయలేదు. ఒకప్పుడు ఆమె సరుకులకిచ్చిన డబ్బులో కాస్త నొక్కేసేది. అలా దాచిన డబ్బునే తర్వాత ఆ ఇంటికి పెట్టింది. ఈ చిన్న తప్పు వల్లే ఆమె నాకు నిజం మనిషిలా అనిపించింది.

నాకు మింగుడుపడనిది ముగింపు. తన పిల్లలు చచ్చిపోతారేమోనన్న భయంతో హులియానా బెనినా దగ్గరికే పరిగెత్తుకొస్తుంది. బెనినా ఆమెకు ధైర్యం చెప్పి పంపుతుంది. ఒక్క మాటైనా నిలదీయొద్దా? మా మాస్టారిని అడిగితే, “నిలదీస్తే ఆమె బెనినా ఎందుకవుతుంది?” అన్నారు. ఆ జవాబు నాకు సగమే నచ్చింది. క్షమించడం బెనినా ఇష్టం. కానీ హులియానా నిశ్చింతగా ఇంటికెళ్తే, బెనినా మాత్రం జబ్బుపడిన గుడ్డి బిచ్చగాడు అల్ముదేనాకు సేవ చేస్తూ ఊరి చివరే ఉండిపోతుంది. అది చూసిన పాఠకులం మనం. వాళ్లను అంత తొందరగా క్షమించాల్సిన పని మనకు లేదు.