నూర్జహాన్ చేసిన నేరం ఏమిటి?

తెలుగు నాటకరంగానికి భర్తలంటే మహా జాలి. ఎంత ఘోరం జరిగినా ఆజ్ఞ ఇచ్చినవాణ్ణి వదిలేసి, ఆ ఆజ్ఞ వెనక ఏ ఆడది ఉందో వెతికి పట్టుకోవడం దానికి అలవాటు. దశరథుడు కొడుకుని అడవికి పంపితే తప్పు కైకది. రాజరాజనరేంద్రుడు కన్నకొడుకు కాళ్ళూ చేతులూ నరికిస్తే తప్పు చిత్రాంగిది. పల్నాడు తగలబడితే తప్పు నాగమ్మది. జహంగీర్ పాలన పట్టు తప్పితే తప్పు నూర్జహాన్‌ది. ఈ నలుగురినీ వరసగా నిలబెట్టి చూస్తే ఒక సంగతి తేలుతుంది. మొదటి ముగ్గురికీ పడింది ఒక శిక్ష. నాలుగో ఆమెకు పడింది రెండు. ఆ రెండో శిక్ష గురించి మాట్లాడ్డానికే ఈ వ్యాసం. కాని ముందు మొదటిదాని లెక్క తేలాలి.

ఇవి పరాయి నాటకాలు, వీటితో ముస్లింలకేం పని అని ఎవరైనా అడగొచ్చు. మాది జి.కొండూరు. 2022లో ఎన్టీఆర్ జిల్లా అయింది గాని, మా నోటికి ఇంకా అది కృష్ణా జిల్లా మెట్టే. పక్కనున్న మైలవరం జమీందార్లు బాలభారతి నాటక సమాజాన్ని పోషించినవాళ్ళు. ఆ గాలి సోకిన పల్లెల్లో నాటకం ఉందంటే సాయిబులూ చాపలు చంకన పెట్టుకుని పోయేవాళ్ళు. హార్మోనియం శ్రుతి అందుకున్నాక పద్యం ఏ మతానిదన్న లెక్క ఎవరికీ ఉండేది కాదు. ఇక పల్నాటి యుద్ధాన్నీ బొబ్బిలి యుద్ధాన్నీ బుర్రకథగా ఊరూరా వినిపించింది ఎవరు? పొన్నెకల్లులో పుట్టిన దూదేకుల బిడ్డ షేక్ నాజర్. నాగమ్మ ఎత్తులు, బ్రహ్మనాయుడి పంతం ఆయన గొంతులో విన్న జనం ఆ కథ ఆయనది కాదని అనలేదు. ఈ కథలు మావి కూడా. కనకనే వాటిని నిలదీసే హక్కూ మాకుంది.

సంస్కృత నాటకం విషాదాంతాన్ని ఒప్పుకోదు. చివరికి ఎలాగోలా మంగళం పాడాల్సిందే. 19వ శతాబ్దం చివర బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు ఆ కట్టు తెంచి 'విషాద సారంగధర' రాశారు. తెలుగులో తొలి విషాదాంత నాటకంగా దానికి పేరు. ఇంగ్లీషు చదువులతో వచ్చిన షేక్స్‌పియర్ ప్రభావం అందులో ఉందని అందరూ చెప్పేదే. అయితే షేక్స్‌పియర్ దగ్గర మనవాళ్ళు ఏం తీసుకున్నారు, ఏం వదిలేశారు అన్నది చూడాలి.

లేడీ మాక్బెత్‌ని తీసుకోండి. రాజ్యం వస్తుందన్న జోస్యం వినగానే మాక్బెత్ మొదట చేసిన పని భార్యకు ఉత్తరం రాయడం. అతడు వెనకాడితే ఆమె ఎగదోస్తుంది. రాజు హత్య అయ్యేవరకు ఆ కాపురంలో ఆమె మాటే మాట. కిరీటం నెత్తికెక్కాక సంగతి తిరగబడుతుంది. బాంకోను చంపించబోతూ అతడు భార్యకు ఆ మాట చెప్పడు కూడా. ఆమె రాణి అయిన రోజు నుంచే ఆమెతో సంప్రదింపు ఆగిపోయింది. ఆ తర్వాత ఆమెకు మిగిలింది నిద్రలో నడవడం, లేని నెత్తురు కడుక్కోవడం. పెళ్ళాం ఆశ మొగుడికి మెట్టుగా పనికొచ్చింది, మెట్టెక్కినవాడు మళ్ళీ దానివంక చూడలేదు. అయినా షేక్స్‌పియర్ ఒక న్యాయం పాటించాడు. పాపం ఇద్దరికీ పంచాడు. మాక్బెత్ తల కూడా తెగుతుంది. 'భార్య చెప్పింది, చేశాను' అని తప్పించుకునే దారి అతనికి లేదు.

మన నాటకం ఆశపడ్డ ఆడదాన్ని తెచ్చుకుంది గాని, ఈ పంపకాన్ని తెచ్చుకోలేదు. చిత్రాంగి కథ చూడండి. కొడుకు ఈడు పిల్లను ముసలి రాజు పెళ్ళాడాడు. ఈ కథకు ఉన్న పాఠాల్లో ఒకదాని ప్రకారం ఆమెకు మొదట చూపించింది సారంగధరుడి పటాన్నే. అంటే మోసం పెళ్ళిపీటల మీదే జరిగింది. ఆ మోసం చేసినవాడు రాజు. నిజం విచారించకుండా నరకమని ఆజ్ఞ ఇచ్చినవాడూ రాజే. కాని తరతరాలుగా ప్రేక్షకుడు తిట్టుకుంటూ ఇంటికి పోయింది చిత్రాంగిని. రాజరాజనరేంద్రుడి మీద ఇలాంటి కథకు చరిత్రలో ఆధారం లేదంటారు చరిత్రకారులు. అయినా రాజమండ్రిలో సారంగధర మెట్ట ఉంది. ఆధారం లేని నిందకు కొండగుర్తు కూడా ఏర్పడింది.

కైక సంగతీ అంతే. పానుగంటివారి 'పాదుకా పట్టాభిషేకం' ఊరూరా ఆడిన రోజుల్లో ఆమెను తిట్టనివాడు లేడు. ఆ రెండు వరాలు ఎక్కడివని అడిగినవాడూ లేడు. యుద్ధభూమిలో మొగుడి ప్రాణం కాపాడినందుకు వచ్చిన బాకీ అది. బాకీ అడిగిన మనిషి పాపి అయింది, బాకీ పెట్టుకున్న మనిషి పుణ్యాత్ముడై కన్నుమూశాడు.

ఈ ఇద్దరికీ దర్బారు లేదు, సంతకం లేదు, సైన్యం లేదు. ఉన్నదల్లా మొగుడి చెవి. బయటి తలుపులన్నీ మూసి పడకగది తలుపొక్కటే తెరిచిపెట్టి, 'చూశారా, ఆడది పడకగది నుంచి రాజ్యం చేస్తోంది' అని నేరం మోపడం ఏం న్యాయం? పోనీ, మొగుడు లేని నాగమ్మ నేరుగా సభలో మంత్రిగా కూర్చుంటే మెచ్చుకున్నారా? కోడిపందెం కుట్ర నుంచి కారంపూడి యుద్ధం దాకా అంతా ఆమె తలకే చుట్టారు. 1947 సినిమాలో కన్నాంబ, 1966 సినిమాలో భానుమతి ఆ పాత్రకు ఠీవి తెచ్చారు. తీర్పును మాత్రం మార్చలేకపోయారు.

ఇది మొదటి శిక్ష. ఆడదైనందుకు పడింది. ఇందులో మతం లేదు.

ఇప్పుడు నూర్జహాన్ దగ్గరికి వద్దాం. బెంగాలీలో ద్విజేంద్రలాల్ రాయ్ 1908లో ఆమె మీద నాటకం రాశారు. ఆయన చారిత్రక నాటకాలు తెలుగులోకి వచ్చి మన చారిత్రక నాటకాలకు ఒరవడి పెట్టాయి. రాయ్ నూర్జహాన్ ఆశకూ అంతరాత్మకూ మధ్య నలిగే మనిషి. కన్నకూతురు లైలాయే ఆమెను నిలదీస్తుంది. లేడీ మాక్బెత్ వంశంలో పుట్టిన పాత్ర అది. రాసినాయన సానుభూతితోనే రాశారు. కాని అక్కడా లెక్క పాతదే. రాజ్యం కోరినందుకు ఆమె కూలిపోవాలి.

చరిత్రలో ఉన్న నూర్జహాన్ వేరు. మొదటి భర్త షేర్ అఫ్గన్ 1607లో బర్ద్వాన్‌లో చనిపోయాడు. 1611లో జహంగీర్‌తో నికా అయింది. ఆ తర్వాత ఆమె పేరు మీద ఫర్మానాలు వెళ్ళాయి, నాణేలు పడ్డాయి. 1626లో మహబత్ ఖాన్ తిరుగుబాటు చేసి జహంగీర్‌ని పట్టుకుంటే, ఆమె ఏనుగెక్కి జీలం నదిలో దిగి యుద్ధం చేసింది. జహంగీర్ తన తాగుడు గురించి తన ఆత్మకథలో తనే రాసుకున్నాడు. అలాంటి భర్త పక్కన ఆమె చేసింది చాటుమాటు పెత్తనం కాదు. ఆమె పెత్తనానికి నాణెం మీద ముద్ర ఉంది. కైకకూ చిత్రాంగికీ దొరకనిది అదే. మరి మన పాఠ్యపుస్తకాలకూ నాటకాలకూ ఆమె పేరు చెప్పగానే గుర్తొచ్చే మాట ఏది? 'వశం చేసుకుంది.'

ఇక్కడే రెండో శిక్ష. కైక తప్పు చేస్తే కైకే చేసింది, కేకయ దేశానికి ఆ మచ్చ అంటలేదు. నూర్జహాన్ తప్పు చేస్తే అది జనానా కుట్ర అవుతుంది, మొగలాయి భోగం అవుతుంది, చివరికి 'తురకల తీరే అంత' అవుతుంది. ఒక మనిషి ఆశ ఒక జాతి స్వభావమై కూర్చుంటుంది. హిందూ పాత్రకు దొరికే కనీస సౌకర్యం ఒకటుంది, తన తప్పుకు తాను ఒక్కతే బాధ్యురాలు కావడం. ముస్లిం పాత్రకు అది కూడా దొరకలేదు.

మన రంగస్థలానికి ముస్లిం స్త్రీ పనికిరాలేదని కాదు. ఒక పద్ధతిలో పనికొచ్చింది. కొప్పరపు సుబ్బారావు 'రోషనార'లో మొగల్ రాజకుమారి శివాజీ కథలోకి వచ్చి నిలబడింది. ముస్లింలు అభ్యంతరపెట్టిన నాటకం అది. చరిత్రలో రోషనార పెళ్ళి చేసుకోలేదు. అన్నదమ్ముల వారసత్వ యుద్ధంలో ఔరంగజేబు పక్షం నిలిచిన రాజకీయ మనిషి. అలాంటి మనిషికి స్టేజీ ఇచ్చిన పని ప్రేమ. చిత్రాంగినీ రోషనారనూ రక్తికట్టించింది ఒకే నటుడు, స్థానం నరసింహారావు. ఆయన ప్రతిభకు సలాం. కాని తాను కోరింది దక్కాలనే ఆడది ఎలా ఉంటుందో రాసిందీ మగవాడే, కట్టూబొట్టూ దిద్దుకుని ఆడి చూపించిందీ మగవాడే అన్న సంగతి మరిచిపోకూడదు.

అందరికీ నచ్చిన ముస్లిం స్త్రీ ఒకతె ఉంది. అనార్కలి. ఇంతియాజ్ అలీ తాజ్ 1922లో ఉర్దూలో రాసిన నాటకం ఆమెను ఇంటింటికీ తెచ్చింది. 1955లో తెలుగు సినిమా వచ్చింది. అనార్కలి చరిత్ర కాదు, కట్టుకథ. నూర్జహాన్ చరిత్ర. ఇద్దరి కథలోనూ మగవాడు ఒకడే, సలీం అనే జహంగీర్. అతని కోసం గోడలో సమాధి అయినామె హిందువులకూ ముస్లింలకూ ప్రియతమ నాయిక. అతనితో సమంగా తఖ్తు పంచుకున్నామె ఇద్దరికీ అనుమానాస్పదురాలు. చచ్చే బేగం కావాలి, ఏలే బేగం వద్దు.

'ఇద్దరికీ' అనడం నోరుజారి కాదు. మనవాళ్ళూ ఈ కోర్టులో జడ్జీలే. నికా ఒక ఒప్పందమని, పిల్ల 'కబూల్' అననిదే చెల్లదని, మెహర్ ఆమె హక్కని సభల్లో గొప్పగా చెప్పుకుంటాం. నికానామాలో షరతులు రాయించుకోవచ్చు, తలాక్ హక్కును భార్యకే అప్పగించే తఫ్వీజ్ కూడా రాయించుకోవచ్చు. మన పల్లెల్లో ఏ ఆడపిల్ల తండ్రి ఖాజీని ఆ గడి నింపమని అడిగాడు? మొగుడి జనాజా లేచేముందు, ఏడుస్తున్న ఆడమనిషి చుట్టూ చేరి 'మాఫ్ చేశానను బూబమ్మా, మెహర్ మాఫ్ చేశానను' అని అనిపించడం మనకు తెలియని సంగతా? దశరథుడికి రెండు వరాల బాకీ. మన మగవాళ్ళకు మెహర్ బాకీ. కైక అడిగి చెడ్డదైంది. మన ఆడవాళ్ళు అడగకుండా మంచివాళ్ళయ్యారు.

బయటివాళ్ళ జాలి సంగతీ చూద్దాం. 1985లో షాబానో తీర్పు, 2017లో మూడు తలాఖ్‌ల తీర్పు, 2019లో చట్టం. ఆ స్త్రీలు కోర్టుకెక్కింది హక్కు అడగడానికి. పత్రికలూ టీవీలూ చూపించింది మాత్రం కన్నీళ్ళు. బురఖా వెనక ఏడ్చే కళ్ళ బొమ్మ కింద వార్తలు రాసిన వృత్తిలో ఉన్నవాణ్ణి గనక చెబుతున్నాను, ఆ బొమ్మ అనార్కలిదే. కాపాడమని ఏడిస్తే ఆమె అందరికీ సోదరి. జీతం, ఆస్తి, సీటు, పార్టీ టికెట్ కావాలని కోరితే మళ్ళీ నూర్జహాన్. జాలి ఉన్నచోట గౌరవం ఉండాలని లేదు.

కొత్తగా నాటకం రాసే ముస్లిం రచయితలకు, ముఖ్యంగా మన ఆడపిల్లలకు ఒక పని మిగిలి ఉంది. నూర్జహాన్‌ని దేవతను చేయనక్కర్లేదు. ఆమె స్వార్థపరురాలు కూడా కావచ్చు. తప్పులు చేసి ఉండొచ్చు, షాజహాన్‌తో పోరులో ఓడిపోయింది కూడా. ఆ తప్పులు ఆమెవిగా ఉండనివ్వండి. ఆమె జాతివిగా, మతానివిగా, ఆడతనానివిగా రాయకండి. జహంగీర్ చేసినవి జహంగీర్ ఖాతాలో వేయండి. మాక్బెత్‌కు షేక్స్‌పియర్ వేసిన పాటి లెక్క మన భర్తలకూ వేసిన రోజున, తెలుగులో విషాద నాటకం నిజంగా పుట్టిందని ఒప్పుకుందాం.