చూరులో గ్లాసు

ఫోన్లో చేసే పరామర్శ పరామర్శే కాదని ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు పోట్లాడానో మీకు తెలుసు. ఆ పౌరుషంతోనే పోయిన వారం కోవిల్‌పట్టికీ విరుదునగర్‌కీ మధ్యనున్న మా అన్న ఊరికి పోయాను. అన్న చెన్నైలో ఊపిరితిత్తులు మార్పించుకుని ఏడాదిన్నరయింది. 1963లో అమెరికాలో తొలిసారి ఊపిరితిత్తి మార్చినప్పుడు ఆ మనిషి బతికింది 18 రోజులే. అందుకే సంబరంగా కోవిల్‌పట్టి వేరుశనగ చిక్కీ కొన్నాను.

వదిన గుమ్మంలోనే ఆపింది. "ఏం మరిదీ, జలుబా?" ముక్కు కాస్త కారుతోంది, అంతే. "అయితే కిటికీ దగ్గర కూచో." చిక్కీ కూడా లోపలికి పోలేదు, స్టెరాయిడ్లతో షుగర్ వచ్చిందట. ఒళ్లు మండింది.

కోవిల్‌పట్టి దగ్గరదే ఇడైసెవల్. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తమిళంలో రాసిన కి. రాజనారాయణన్ ఊరు. మన తెలుగువాళ్లు ఈ కరిసల్ నేలకు, అంటే నల్లరేగడికి, వలసొచ్చిన కథ, 1976 నాటి 'గోపల్ల గ్రామం', ఆయనదే. పడుచు వయసులో ఆయన్ని క్షయ పట్టింది. అప్పట్లో క్షయంటే కంచం వేరు, గ్లాసు వేరు, మంచం వసారాలో. మా నాయనమ్మ చెల్లెలి గ్లాసు తాటాకు చూరులో దోపి ఉండేదట. ఆమె పోయాక కూడా ఎవరూ తియ్యలేదు.

కిటికీ బయట స్టూలు మీద కూచుంటే ఆ గ్లాసే గుర్తొచ్చింది. కానీ ఇక్కడ లెక్క తిరగబడింది. కొత్త ఊపిరితిత్తుల్ని ఒళ్లు పరాయివని తోసెయ్యకుండా మందులతో రోగనిరోధక శక్తిని అణిచి ఉంచుతారు. అన్న వల్ల నాకేం కాదు. చూరులో దోపాల్సిన గ్లాసు నాది.

అలా అణిచే మందే టాక్రోలిమస్, పొద్దున ఎనిమిదికి, మళ్లీ రాత్రి ఎనిమిదికి. రక్తపరీక్ష రోజున మాత్రం రక్తం ఇచ్చాకే మాత్ర. రక్తంలో మందు బాగా తగ్గినప్పుడు ఎంత మిగిలిందో చూడాలి కదా. మాత్ర మింగి అన్న గట్టిగా దగ్గాడు. బెదిరిపోయాను.

"దగ్గు రాలేదురా, నేనే దగ్గినా."

కొత్త ఊపిరితిత్తుల్ని కలిపిన అతుకు కింద నరాలు తెగి ఉంటాయి. కఫం చేరినా దగ్గాలనిపించదు. అందుకని వేళకు తనే దగ్గుతాడు. ఆ తర్వాత చిన్న యంత్రంలోకి బలంగా ఊది, మొదటి సెకనులో ఎన్ని లీటర్ల గాలొచ్చిందో నోటుబుక్కులో రాశాడు: 2.41. పది శాతం తగ్గితే చెన్నైకి ఫోను. ఎలా ఉన్నావంటే అన్న ఎప్పుడూ బాగున్నాననే అంటాడు. ఆపరేషనుకు ముందు, రెండు మెట్లెక్కలేని రోజుల్లోనూ అదే మాట.

తిరిగొచ్చాక రోజూ ఎనిమిదింబావుకు నేనే ఫోన్ చేస్తున్నాను. "ఎంత?" అంటాను. నిన్న 2.38.