ఏం చూశావు?

బీఎస్సీ నర్సింగ్ పిల్లలకు సైకియాట్రీ పోస్టింగ్ పడగానే నన్ను అడిగే మొదటి మాట: "మేడమ్, కొడతారా?" కొట్టేవాళ్లు కొద్దిమందేనని పుస్తకంలో చదివారు, పరీక్షలో రాస్తారు కూడా. అయినా వార్డు తలుపు దగ్గర ఒకరి వెనక ఒకరు నక్కుతారు.

ఆ భయం నా ఉపన్యాసాలకు లొంగదు. ప్రాసెస్ రికార్డింగ్ అనే రాతపనికి లొంగుతుంది. పేజీని గడులు చేసి పేషెంటు అన్నది, మనం అన్నది, అప్పుడు మన మనసులో మెదిలింది విడివిడిగా రాయాలి. నర్సుకూ రోగికీ నడుమ ఏర్పడే సంబంధమే చికిత్సలో భాగమని 1952లో హిల్డెగార్డ్ పెప్లావ్ పుస్తకమే రాసింది. ఈ గడుల వెనకున్నది ఆ ఆలోచనే.

మొదట్లో రికార్డుల నిండా "పేషెంట్ వయొలెంట్" అనే ఉంటుంది. పక్కన ఎర్ర ఇంకుతో ఒకటే అడుగుతాను: ఏం చూశావు? ఒకమ్మాయి మళ్లీ వెళ్లి రాసుకొచ్చింది: "కాసేపైనా కూర్చోలేడు. వరండాలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. కొత్త మందు మొదలయ్యాక కాళ్లు కుదురుగా ఉండనివ్వట్లేదు తల్లీ అన్నాడు." ఆ కొత్త మందు హలోపెరిడాల్. దాని వల్ల వచ్చే ఈ తిప్పలను అకథీసియా అంటారు. జబ్బు ముదిరిందనుకుని డోసు పెంచితే ఇంకా ఎక్కువవుతుంది. డాక్టరుకు చెబితే డోసు తగ్గించి, ప్రొప్రనోలాల్ రాశారు.

భయం పోయాక జాలి మొదలవుతుంది. నాకు దానితోనే ఎక్కువ పేచీ. జాలిపడేవాళ్లు ప్రతిదానికీ "అలాగే, అలాగే" అంటారు, వినరు. "అన్నంలో విషం కలుపుతున్నారు" అంటే అవుననకూడదు, కాదని వాదించకూడదు. "అలా అనిపిస్తే తినాలంటే భయమేస్తుంది కదా" అనాలి. విషం భ్రమే కావచ్చు. తిండి మానేయడం మాత్రం నిజం. ఎంత తిన్నాడో, బరువెంత తగ్గాడో చార్టులోకి ఎక్కాలి.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులను నిషేధించింది. మత్తు ఇవ్వకుండా కరెంటు చికిత్స చేయొద్దంది. తనకు ఏ వైద్యం కావాలో, ఏది వద్దో ముందే రాసిపెట్టుకునే హక్కునిచ్చింది. పిల్లలు సెక్షన్లుగా బట్టీపట్టే ఇవన్నీ రోగిని మనిషిగా లెక్కలోకి తీసుకున్నవే. వాళ్లు రాసే గడుల్లో మొదటిది రోగి మాటకే ఎందుకిచ్చామో అప్పుడు అర్థమవుతుంది.

మారారా లేదా అన్నది ఈ పోస్టింగులో తేలదు. రేపు క్యాజువాలిటీ డ్యూటీలో స్కిజోఫ్రెనియా ఉన్న మనిషి కడుపునొప్పంటూ వస్తాడు. "సైక్ కేసు" అని ఎవరో పక్కన కూర్చోబెడతారు. అపెండిక్స్ అయి ఉండొచ్చని పల్స్, టెంపరేచర్ చూసి సర్జన్‌ను పిలిచే నర్సే ఆ పోస్టింగ్ పాసైనట్టు.