ముందుమాట ఎవరిది?

బానిసగా పుట్టి, పారిపోయి స్వేచ్ఛ పొందిన ఫ్రెడరిక్ డగ్లస్ తన జీవితాన్ని మూడుసార్లు రాసుకున్నాడు. 1845 పుస్తకానికి ముందుమాట రాసింది తెల్లవాడు విలియం లాయిడ్ గారిసన్. 1855 పుస్తకానికి రాసింది నల్లజాతి డాక్టరు జేమ్స్ మెక్యూన్ స్మిత్. ఈ పదేళ్ళలో ఏం జరిగిందో చూస్తే ఉద్యమంలో స్నేహమంటే ఏందో తెలుస్తుంది.

గారిసన్ చెడ్డవాడని నేననను. బానిసత్వం మీద 'లిబరేటర్' పత్రికను 1831 నుంచి 1865 దాకా నడిపిన మనిషి. ఇద్దరూ కలిసి ఊళ్ళు తిరిగారు, ఒకే వేదిక మీద మాట్లాడారు. కానీ ఆ మిత్రబృందం డగ్లస్‌ను ఏమడిగింది? నీ కథ చెప్పు చాలు, సిద్ధాంతం మేం చూసుకుంటామంది. మాటలో కొంచెం బానిసల యాస ఉండనియ్యి, లేకపోతే జనం నమ్మరంది. ఇదంతా రెండో పుస్తకంలో డగ్లసే రాశాడు. 1847లో రాచెస్టర్‌లో సొంత పత్రిక 'నార్త్ స్టార్' పెట్టాడు. బోస్టన్ మిత్రులు వద్దంటూనే ఉన్నారు. అమెరికా రాజ్యాంగం బానిసత్వంతో కుదిరిన ఒప్పందమని గారిసన్ వాదం. 1851లో డగ్లస్ దాన్ని కాదన్నాడు. స్నేహం చెడింది. 1853లో అతని ఇంటి గొడవలు కూడా 'లిబరేటర్'కెక్కాయి.

అమెరికా కాలేజీలు రానియ్యకపోతే గ్లాస్గో పోయి 1837లో డాక్టరు పట్టా తెచ్చుకున్నవాడు స్మిత్. ఆ మిత్రులు డగ్లస్‌ను చూసి గర్వపడ్డారేగానీ అతని మేధస్సు లోతు అందుకోలేకపోయారనీ, వాళ్ళ చదువే వాళ్ళకు అడ్డమొచ్చిందనీ ముందుమాటలో తేల్చి చెప్పాడు.

మా సంగతీ అంతే. అగ్రవర్ణ మిత్రులు మా వాడకొచ్చారు, మా ఇంట్లో తిన్నారు. అది అబద్ధం కాదు. సభలో మాత్రం 'అనుభవం' నా వంతు, 'విశ్లేషణ' వాళ్ళ వంతు. నా మొదటి పుస్తకానికి ముందుమాట రాసిన మిత్రుడు నా ఆకలిని అన్ని పేజీల్లోనూ మెచ్చుకున్నాడు. నా వాదన గురించి ఒక్క ముక్క రాయలేదు.

అట్లాగని పైవాళ్ళ స్నేహమే వద్దనాలా? రాచెస్టర్‌లోనే ఎమీ పోస్ట్ అనే క్వేకర్ తెల్లావిడ ఉండేది. బానిసత్వం నుంచి తప్పించుకొచ్చిన హారియట్ జేకబ్స్‌ను ఇంట్లో పెట్టుకుంది, నీ కథ నువ్వే రాయమని వెంటబడింది. 1861లో ఆ పుస్తకం వచ్చినప్పుడు చివర్లో సాక్ష్యంగా నాలుగు మాటలు రాసి పక్కకు నిలబడింది. ఫూలే 1873లో 'గులాంగిరీ'ని అమెరికాలో బానిసత్వం మీద పోరాడిన మంచివాళ్ళకు అంకితమిచ్చాడంటే ఇట్లాంటి స్నేహం విలువ తెలిసే.

ఇప్పుడు రాస్తున్న మన పిల్లలకు నేను చెప్పేదొకటే. మిత్రుల్ని ఇంటికి పిలవండి, అన్నం పెట్టండి, వాళ్ళతో వాదించండి. ముందుమాట మాత్రం మీ ఆలోచన తెలిసినవాళ్ళతోనే రాయించుకోండి.